మా నాయన వయసెంత?

చావింటికి పోయి "ఎట్ల పోయినాడు?" అని అడగడం మూడేండ్లు నా పని. శవం ఇంకా వాకిట్లోనే ఉంటుంది. ఆడోళ్ళు గుండెలు బాదుకుంటా ఉంటారు. నేను సంచిలోంచి కాగితం తీసి పోయినాయన పేరు, వయసు, ఆధార్ నంబరు, నామినీ ఎవరు, సహజ మరణమా ప్రమాదమా అని ఒక్కొక్కటే అడగాల. మొదట్లో నోరొచ్చేది కాదు. అడగకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూసినదాన్ని కాబట్టి అడగడం నేర్చుకున్నాను.

నన్ను బీమా మిత్ర అనేవాళ్ళు. 2016 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం అసంఘటిత కార్మికుల కోసం చంద్రన్న బీమా మొదలుపెట్టింది. అప్పటి లెక్కలో మామూలుగా చస్తే 30 వేలు, ప్రమాదంలో చస్తే 5 లక్షలు. చావు కబురు ఫోన్లో రాగానే పొదుపు సంఘాల్లోంచి తీసుకున్న మాలాంటి ఆడోళ్ళు ఆ ఇంటికి పోయి, దినాల ఖర్చుకు 5 వేలు చేతిలో పెట్టి, మిగతా డబ్బుకు కాగితాలు పోగుచేసి పంపాల. నాకిచ్చింది పెనుకొండ చుట్టుపక్కల పల్లెలు. మా తమ్ముడు హిందూపురంలో, చిన్నమ్మ ధర్మవరంలో ఉన్నందువల్ల ఆ రెండు ఊర్ల చావుల కాగితాలు కూడా నా దగ్గరికే వచ్చేవి. చుట్టరికం లేనోళ్ళు కూడా "మాదిగపాప ఒకామె ఉంది, కాగితాలు బాగ రాస్తుందంట" అని వెతుక్కుంటా వచ్చేవాళ్ళు.

బీమాకు కులం లేదని ట్రైనింగులో చెప్పినారు. ఊర్లోకి పోయినాక తెలిసింది. పెద్దకులం ఇంట్లో చావు జరిగితే నేను వాకిట్లో నిలబడే అడగాల. "ఏ గేరి పిల్లవమ్మా?" అన్నది నా ప్రశ్నలకన్న ముందు ప్రశ్న. ఫారం అరుగు మీద పెడితే వాళ్ళు తీసుకొని సంతకం చేసి మళ్ళీ అరుగు మీదే పెట్టేవాళ్ళు. ఆ 5 వేలు మాత్రం నా చేతిలోంచే తీసుకునేవాళ్ళు. నోట్లకు మైల అంటదు గదా.

మా నాయన 1998 మార్చిలో చచ్చిపోయినాడు. పెనుకొండ కొండలకు ఇవతల ఒక కంకర క్వారీలో లారీలకు రాయి ఎత్తే కూలి ఆయన. పొద్దున తూటాలు పేల్చి పోయినారు. పైన వదులైన బండ మధ్యాహ్నం జారింది. టిప్పరులో టార్పాలిన్ మీద వేసుకొచ్చి మా గేరి మొగదల దింపి పోయినారు. ఎవరో పోలీసులకు చెప్తే పోస్టుమార్టం జరిగింది. ఆ ఒక్కటీ జరగకపోయి ఉంటే మా కథ అక్కడికే అయిపోయేది.

నేనప్పుడు పెనుకొండలో ఇంటర్ చదువుతున్నాను. మూడో దినం క్వారీ గుమాస్తా వచ్చినాడు. చేతిలో 5 వేలు, ఒక స్టాంపు కాగితం. మా అమ్మ బొటనవేలు పట్టుకొని ఇంకు పూసి వేయించుకున్నాడు. ఆయన పోయినాక మా ఇంట్లో మిగిలిన నకలు నేను చదివినాను. మా నాయన సొంత తప్పు వల్లనే చచ్చిపోయినాడనీ, ఆ 5 వేలతో లెక్క తీరిపోయిందనీ, ఇంక మాకు క్వారీ మీద ఏ హక్కూ లేదనీ అందులో రాసుంది. చదువు వచ్చిన కూతురు పక్కనే కూచొని ఉంటే ఆ కాగితం చదివి వినిపించమని ఎవరూ అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు.

"అమ్మా, ఎందుకేసినావు వేలిముద్ర?" అంటే, "దినాలకు బియ్యం యాడ తెచ్చేది పాపా? నువ్వు తెస్తావా?" అనింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా చాన్నాళ్ళు మా అమ్మ మీద కోపం పెట్టుకున్నాను. నాయన్ను 5 వేలకు అమ్మేసింది అని మనసులో అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

1994లో ఈదుముడిలో మొదలైన దండోరా అప్పటికి మా మండలంలో కూడా వినబడుతా ఉండింది. ఆ పిలగాళ్ళు మమ్మల్ని అనంతపురం పిలుచుకపోయినారు. మా పెనుకొండ 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలోదే, ఆ తర్వాతనే శ్రీ సత్యసాయి జిల్లా అయింది. అక్కడ చెట్టు కింద పాత టైపు మిషను పెట్టుకొని అర్జీలు కొట్టే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. స్టాంపు కాగితం నకలు చూసి నవ్వినాడు. "ఇది చిత్తు కాగితం తల్లీ. మిర్చి బజ్జీలు కట్టుకోను పనికొస్తాది" అన్నాడు.

ఆ చెట్టు కింద నేను విన్న సంగతులు ఇప్పటికీ తలకిందులుగా అడిగినా చెప్తాను. చట్టం 1923 నాటిది, వర్క్‌మెన్ కాంపెన్సేషన్ యాక్ట్. పనిలో మనిషి చస్తే యజమాని పరిహారం కట్టాల. తప్పు యజమానిదని మనం రుజువు చెయ్యాల్సిన పని లేదు, పనిలో ఉండి, పని వల్ల చచ్చిపోయినాడని చూపిస్తే చాలు. చావుకు ఇచ్చే డబ్బు పెండ్లాం చేతిలో పెడితే అది పరిహారం కిందికే రాదు. సెక్షన్ 8 ప్రకారం కమిషనర్ దగ్గరే జమ చెయ్యాల. చేతికి ఇవ్వగలిగింది మూడు నెలల కూలి అడ్వాన్సు మాత్రమే. నాకు హక్కులు లేవని కార్మికుడితో గాని, వాళ్ళ ఇంటోళ్ళతో గాని రాయించుకున్న కాగితం సెక్షన్ 17 కింద చెల్లదు. రెండేండ్ల లోపల అర్జీ పెట్టాల. నెలలోగా కట్టకపోతే నూటికి 12 వడ్డీ.

అంటే మా అమ్మ వేలిముద్రకు విలువ లేదు. మొదటిసారి ఆ మాట విని సంతోషపడినాను. వేలిముద్రకు విలువ లేకపోవడం మాకు మంచి చేసిన చోటు నాకు తెలిసి అదొక్కటే.

చట్టం మావైపు ఉంది. 75 ఏండ్లుగా మావైపే ఉంది. మా గేరిలో ఒక్కరికీ తెలియదు, క్వారీ గుమాస్తాకు మాత్రం తెలుసు. తెలియకపోతే స్టాంపు కాగితం ఎందుకు పట్టుకొస్తాడు?

పరిహారం లెక్క పైకి చూస్తే చానా సులువు. నెల కూలిలో సగం తీసుకొని, చట్టం వెనక ఉన్న పట్టికలో వయసుకు ఎదురుగా ఉన్న అంకెతో గుణించాల. వయసు తక్కువైతే అంకె ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. 45 ఏండ్లకు 169.44. అరవైకి 117.41. మా నాయన కూలి నెలకు 1500 దాకా పడేది. 45 ఏండ్లు అంటే 750ని 169.44తో గుణిస్తే 1,27,080 రూపాయలు. క్వారీ వాళ్ళు కూలి 900, వయసు 60 అన్నారు. 450ని 117.41తో గుణిస్తే 52,834. అప్పటికి చావుకు చట్టం పెట్టిన కనీస మొత్తం 50 వేలు. దానికి ఆనుకొని ఉండేట్టు మా నాయన్ను ముసలోణ్ణి చేసి, కూలి కోసి లెక్క కట్టినారు.

మరి మా నాయన వయసెంత? పుట్టిన తేదీ కాగితం లేదు. బడికి పోలేదు, పదేండ్లకే జీతానికి పెట్టినారు. పేరు కూడా ఒకటి కాదు. రేషన్ కార్డులో నరసింహప్ప, ఓటరు లిస్టులో నరసప్ప, క్వారీ మస్టరులో మాదిగ నర్సిగాడు. ఈ ముగ్గురూ ఒకటేనని ఎమ్మార్వో ఆఫీసు నుంచి కాగితం తేవడానికి ఎన్నిసార్లు తిరిగినామో లెక్క లేదు. పోస్టుమార్టం రిపోర్టులో డాక్టరు 'సుమారు 60' అని రాసినాడు. ఆయన్ను అనడానికేం లేదు, చూసింది రాసినాడు. ఎండకు మాడి, దుమ్ము తిని, పండ్లు ఊడి, వెంట్రుకలు నెరిసిన మనిషి బల్ల మీద ఉంటే ఎవరైనా 60 అనే అనుకుంటారు. మనిషిని పదిహేనేండ్లు ముందే ముసలోణ్ణి చేసింది క్వారీ. ఆ ముసలితనాన్ని చూపించి పరిహారం కోసుకుంటున్నదీ క్వారీనే.

కమిషనర్ అంటే లేబర్ ఆఫీసరే. ఈ కేసుల్లో ఆయనే జడ్జి. ఆయన ముందు మా అవ్వను నిలబెట్టినాము. "నీ కొడుకు ఎప్పుడు పుట్టినాడవ్వా?" అని అడిగితే, "గంజి కేంద్రాలు పెట్నారు సూడు సామీ, ఆ కరువులో పుట్నాడు. నా దగ్గర పాల్లేవు. వాళ్ళు పోసే గంజి తాగి నేను, నన్ను తాగి వాడు బతికినాం" అనింది. ఎదుటి వకీలు నవ్వినాడు. అర్జీలాయన మెల్లగా చెప్పినాడు, రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన కరువు 1952లో అని. మా అవ్వకు తేదీ తెలియదు గాని ఆకలి తెలుసు. దాన్నిబట్టి మా నాయనకు 45.

తర్వాత మా అమ్మ. "మీ ఆయన తాగుతాడా?" "తాగుతాడు సామీ. ఆ రాళ్ళెత్తాలంటే తాగకుండా ఎవుడెత్తుతాడు? నువ్వెత్తుతావా?" వకీలు మొదటి మాటే రాయించుకున్నాడు. మా వాళ్ళెవరు చచ్చినా ముందు తాగి చచ్చినాడనే అంటారు. అర్జీలాయన దానికీ మమ్మల్ని తయారు చేసి పెట్టినాడు. తాగి ఉన్నాడనే సాకు గాయాలకు చెల్లుతుంది గాని చావుకు చెల్లదు, సెక్షన్ 3లోనే ఉంది ఆ మాట. మా వకీలుతో అది చదివించినాము. ఎదుటాయన ఇంక ఆ ఊసెత్తలేదు.

2002లో ఆర్డరు వచ్చింది. కమిషనర్ ఓటరు లిస్టు పట్టుకొని వయసు 50 అన్నాడు. కూలి 1200 అన్నాడు. 600ని 153.09తో గుణిస్తే 91,854 రూపాయలు, వడ్డీ వేరే. మా అవ్వ కరువుకూ డాక్టరు చూపుకూ నడిమధ్యన మా నాయన్ను నిలబెట్టినట్టుంది ఆ లెక్క. నేను డిగ్రీ చదివింది ఆ డబ్బుతోనే. మా నాయన్ను గుణిస్తే వచ్చిన డబ్బు.

మా గేరిలో అంబేద్కర్ బొమ్మ ఉంది, వేలు చూపిస్తా నిలబడుంటాడు. రాజ్యాంగం రాసినాడని, రిజర్వేషన్లు తెచ్చినాడని పిల్లలందరికీ తెలుసు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది ఆయనేనని నాకు డిగ్రీ అయిపోయినాక గాని తెలియలేదు. ఫ్యాక్టరీ కార్మికులకు ఆరోగ్య బీమా మీద అదార్కర్ రిపోర్టు వచ్చింది 1944లో, ఆయన ఆ శాఖలో ఉన్నప్పుడే. 1948లో వచ్చిన ఈఎస్ఐ చట్టానికి అదే పునాది. జయంతికి పూలదండలు వేసే మీటింగుల్లో ఈ సంగతి కూడా చెప్తే ఎంత బాగుంటుంది! చందాలు వసూలు చేసేదాంట్లో సగం ఓపిక ఈఎస్ఐ నంబర్లు వసూలు చేసేదాంట్లో పెట్టమని నేను మా పిలగాళ్ళతో కొట్లాడతా ఉంటాను.

కొట్లాడేది ఊరికే కాదు. 2008లో హిందూపురంలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో మా తమ్ముడి కుడిచేతి రెండు వేళ్ళు తెగిపోయినాయి. కంట్రాక్టరు కింద పని. పేరు ఈఎస్ఐలో చేర్చనేలేదు. ప్రమాదం జరిగినాక చేర్పించబోయి కుదరక కంట్రాక్టరు ఇంటికొచ్చినాడు. చట్టం వెనక ఇంకో పట్టిక ఉంది, ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత పోయినట్టో. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడు వేలు మొత్తం పోతే 14. ఒక చేతికి రెండు వేళ్ళు పోతే 20. ఏకలవ్యుడి కథ గుర్తొచ్చింది నాకు. ఆయన వేలు గురుదక్షిణ కింద పోయింది, పనిలో పోలేదు కాబట్టి ఆ 30 శాతం కూడా రాదు.

మా తమ్ముడికి 25 ఏండ్లు, నెల కూలి 3000. కూలిలో నూటికి 60 అంటే 1800, దాన్ని 216.91తో గుణించి, అందులో 20 శాతం, 78 వేల పైచిలుకు. కంట్రాక్టరు ఎగ్గొట్టినా ఫ్యాక్టరీ యజమానిది బాధ్యతేనని సెక్షన్ 12 చెప్తుంది. అంతా నేను కాగితం మీద రాసి చూపించినాను. వాడు 15 వేలు తీసుకొని ఊరుకున్నాడు.

"నీకు తెలిసి కూడా ఎట్ల తీసుకున్నావురా?"

"అక్కా, కేసేస్తే ఇంక యాడా గేటు లోపలికి రానియ్యరు. నువ్వు లెక్కలు రాస్తావు. నాకు ఎనిమిది వేళ్ళున్నాయి, వాటికి పని కావాల."

1998లో మా అమ్మకు తెలియక వేలిముద్ర వేసింది. పదేండ్ల తర్వాత మా తమ్ముడు తెలిసి సంతకం చేసినాడు. తెలిస్తే చాలు, చట్టం పనిచేస్తుందని అనుకున్న నన్ను వాడు అక్కడ పడగొట్టినాడు. ఆ రోజు నుంచే మా అమ్మతో మళ్ళీ నేను మంచిగా మాట్లాడింది.

ధర్మవరంలో మా చిన్నమ్మ కొడుకు వేరేవాళ్ళ గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. కూలికి నేసేవాడికి మగ్గం ఉండదు, చీరె ఉండదు, కార్డు కూడా ఉండదు. కార్డు మగ్గం ఉన్నాయన పేరు మీద. చేనేత కార్మికులకు ఎల్ఐసీతో కలిసి కేంద్రం పెట్టిన మహాత్మాగాంధీ బున్‌కర్ బీమాలో సహజ మరణానికి 60 వేలు, ప్రమాదానికి లక్షా 50 వేలు వచ్చేది. నేతగాడు కట్టాల్సింది ఏడాదికి 80 రూపాయలే. సంపాదనలో కనీసం సగం చేనేత మీద వస్తుండాలని నిబంధన. మా వాడి సంపాదన మొత్తం చేనేతే. దగ్గి దగ్గి చచ్చిపోయినాక అడిగితే, వీడు నేతగాడని ఏ కాగితమూ చెప్పలేదు. "మాదిగోడు మగ్గం నేసేదేంది?" అని ఒకాయన నా ముందరే అన్నాడు. ఆయన భార్య కట్టుకున్న చీరె ఎవరు నేసినారో ఆమెకైనా తెలుసో లేదో.

ఇప్పుడు నా తప్పు చెప్పాల. 2017 వానాకాలంలో ఒక పల్లెలో సెనిక్కాయ చేన్లో కలుపు తీస్తున్న మనిషిని పాము కరిచింది. ఆస్పత్రికి తీసుకపోయేలోపలే దారిలో చచ్చిపోయినాడు. వెనక్కి తెచ్చి ఆ రాత్రే పూడ్చేసినారు. నాకు తెల్లారినాక ఫోను. పాము కరిచి చస్తే బీమా లెక్కలో ప్రమాదమే, 5 లక్షలు. కాని పోలీసు కాగితం లేదు, పోస్టుమార్టం లేదు. ఎమ్మార్వోకు అర్జీ పెట్టి శవాన్ని బయటికి తీయించవచ్చని నాకు తెలుసు. ఆయన భార్య చంకలో బిడ్డ, ఇంకొకటి కాళ్ళకు చుట్టుకొని. "తవ్వుతారా?" అని ఆమె కండ్లు పెద్దవి చేసి చూసింది. నేను ఇంకోసారి చెప్పలేదు. గట్టిగా చెప్పి ఉండాల్సింది, రెండు దినాలు ఆ గేరిలోనే కూచొని ఒప్పించి ఉండాల్సింది. ఫారంలో సహజ మరణం అని రాసినాను. 30 వేలు వచ్చినాయి. నా చేత్తో రాసిన ఆ రెండు మాటల మధ్య 4 లక్షల 70 వేలు పోయినాయి.

ఆ తర్వాత నుంచి ఏ గేరికి పోయినా ఆడోళ్ళను కూచోబెట్టి ఒకటే చెప్పినాను. పాము కరిచినా, కరెంటు కొట్టినా, గోడ కూలినా, బండి గుద్దినా, పోలీసులకు చెప్పకుండా పూడ్చొద్దు. ఒక ముసలామె నా మీదికి లేచింది. "బతికినన్నాళ్ళూ మమ్మల్ని కోసినారు. సచ్చినాక గూడ కోయించమంటావా మే?" నా దగ్గర మంచి జవాబు లేదు. మా నాయన్ను కోసినారవ్వా, అందుకే నేను చదువుకున్నాను అని చెప్పినాను. ఆమె చానాసేపు నన్నే చూసి, తలకాయ తిప్పుకుంది.

2019 తర్వాత బీమా పని గ్రామ సచివాలయాలకు పోయింది. బీమా మిత్రల పని పోయింది. ఫోన్లు మాత్రం పోలేదు. 1923 చట్టంలో 'వర్క్‌మెన్' అన్న మాట తీసి 2010 నుంచి 'ఎంప్లాయీ' అన్నారు, 2020లో దాన్ని సామాజిక భద్రతా కోడ్‌లో కలిపినారు, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. పేర్లు మారినాయి. చావుకు కూలిలో సగాన్ని వయసు అంకెతో గుణించే లెక్క మాత్రం మారలేదు. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. మా పిల్లోళ్ళు కొందరు మెడలో కార్డు వేసుకొని కనబడతారు. నేను పెండ్లి గురించి అడగను, ఈఎస్ఐ నంబరు ఎంత, నామినీ ఎవరు, ఆధార్‌లో పేరూ అందులో పేరూ ఒకటేనా అని అడుగుతాను. నన్ను చూసి పక్క సందులోకి తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు. చావు గురించి అడిగే మనిషి ఎదురొస్తే ఎవరికి బాగుంటుంది?

మొన్న చలికాలంలో ఒక రాత్రి పదకొండు దాటినాక ఫోను. బోరు బండి దగ్గర కరెంటు కొట్టి ఒక పిలగాడు పోయినాడు. అవతల మాట్లాడుతున్నది ఎవరో మొదట తెలియలేదు. తర్వాత చెప్పింది, పాము కరిచినాయన భార్య. పిలగాడు వాళ్ళ పక్కింటి వాడంట.

"అక్కా, పూడ్చనీలేదు. పొద్దుమునిగినప్పట్నుంచి వాకిట్లో అడ్డం కూచున్నా. పోలీసోళ్ళకు చెప్పినాం. బండి ఓనరు మనిషి కాగితం తెచ్చినాడు, వేలిముద్ర ఎవురూ వెయ్యలేదు. నువ్వు తెల్లారే బస్సుకు వస్తావా?"

"పిలగాని వయసెంత?" అని అడిగినాను.

"ఇస్కూలు సర్టిఫికెట్ ఉందంటక్కా. ట్రంకు పెట్టెలో ఎతుకుతాండారు."